విసిగించే హాస్యచిత్రంలో పండిన ఒక్క సన్నివేశం: వెతకడం ఎలా, చూపించడం ఎలా

పూర్తిగా బాగున్న హాస్యచిత్రాన్ని పదిమందికి చూపించడానికి ఎవరి సలహా అక్కర్లేదు. ‘గుండమ్మ కథ’ పెట్టి కూర్చుంటే చాలు, తక్కిన పని అదే చూసుకుంటుంది. చిక్కంతా రెండో రకం సినిమాతోనే వస్తుంది. అది ముప్పాతిక వంతు నిడివి ప్రేక్షకుణ్ణి విసిగిస్తుంది, మధ్యలో ఎక్కడో ఏడెనిమిది నిమిషాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది, ఆపైన ఏమీ జరగనట్టు మళ్లీ విసిగించడానికి పూనుకుంటుంది. ఆ ఏడెనిమిది నిమిషాలను ఎలా పట్టుకోవాలో, శనివారం సాయంత్రం ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టుకుని వాటిని ఎలా చూపించాలో ఇక్కడ వివరిస్తాను. చెన్నైలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకున్నాను కాబట్టి, ఈ ఊరికే చెందిన కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పవలసి ఉంటుంది.

ఈ పనికి జనం సాధారణంగా రెండు పద్ధతులు పాటిస్తారు. ఫోనులో మూడు నిమిషాల ముక్క వెతికి పక్కవాడి ముఖం ముందు పెట్టడం మొదటిది. సినిమా మొత్తాన్ని మొదటి నుంచి వేసి, ‘కాస్త ఓపిక పట్టండి, ముందుంది అసలు సంగతి’ అని అరగంటకోసారి బతిమాలడం రెండోది. రెండూ తప్పే. ముక్కను చూసినవాడికి అందులోని మనిషి ఎవరో, అతనికి ఏం కావాలో, ఎందుకు అంత కంగారు పడుతున్నాడో తెలియదు కాబట్టి మర్యాదకు చిరునవ్వు నవ్వి ఫోను తిరిగి ఇచ్చేస్తాడు. మొత్తం సినిమా చూడవలసి వచ్చినవాడు అసలు సన్నివేశం వచ్చేసరికి వంటింట్లో మంచినీళ్లు తాగుతూ ఉంటాడు. సన్నివేశానికి అవసరమైనంత సినిమాను మాత్రమే తీసుకుని, అరగంటకు కాస్త అటూ ఇటూగా ముగిసేలా ప్రదర్శన అమర్చుకోవడమే సరైన దారి. ఆ అమరికకు ముందు, అటువంటి సన్నివేశం చెడ్డ సినిమాలో ఎలా పుడుతుందో తెలిసి ఉంటే వెతుకులాట సులువవుతుంది.

అది ఎందుకు పుడుతుంది

దీనికి జవాబు చాలావరకు మన ఊళ్లోనే, కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం వీధుల్లోనే ఉంది. తెలుగు సినిమా మద్రాసులో తయారైన కాలంలో హాస్యం కథకు ఆనుకుని నడిచే వేరే పాయగా ఉండేది. తమిళంలో ఎన్.ఎస్. కృష్ణన్ తన హాస్యభాగాలను తానే రూపొందించుకుని, తన బృందంతో నడిపించుకునేవారు. ఆ తరవాతి తరంలో గౌండమణి, సెంథిల్ జంటకు ఎ. వీరప్పన్ అనే రచయిత విడిగా హాస్యఘట్టాలు రాసేవారు. కథ ఒకరిది, మాటలు ఇంకొకరివి, హాస్యం వేరొకరిది. తెలుగులోనూ రేలంగి, రమణారెడ్డి కాలం నుంచి రాజబాబు, రమాప్రభ కాలం దాకా, ఆ మీదట పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయాక కోట శ్రీనివాసరావు, బాబు మోహన్ జంట దాకా, నాయకుడి కథకు సమాంతరంగా ఒక హాస్యపు జంట నడవడం వాడుక. పరిశ్రమలో దీనినే కామెడీ ట్రాక్ అంటారు.

ఈ ఏర్పాటును విమర్శకులు చాలాకాలంగా తప్పుపడుతున్నారు, అది న్యాయమే. కథతో సంబంధం లేని హాస్యం మంచి సినిమాను పలచన చేస్తుంది. ‘మాయాబజార్’ (1957) నుంచి ఒక నవ్వును ఊడదీయాలని చూస్తే కథ కూడా దానితోనే ఊడి వస్తుంది, ఎందుకంటే శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడి ఆగడాలే అక్కడ కథ. అయితే ఇదే లోపం చెడ్డ సినిమాకు ఉపకారం చేస్తుంది. కథకు పట్టిన జబ్బు పక్క గదిలో విడిగా ఉన్న హాస్యానికి అంటదు. హాస్యనటుడి కాల్షీట్లు, అంటే అతను షూటింగుకు ఇచ్చే రోజులు, దొరికేది కొద్దిగానే కావడంతో అతని భాగమంతా ఒకేచోట, వరసగా, అదే బృందంతో తీయడం పరిపాటి. నాయకుడి పాత్రను ఎలా నిలబెట్టాలో తెలియక దర్శకుడు తల పట్టుకున్న సినిమాలో కూడా, ఆ కొద్ది రోజులు మాత్రం తమ పని బాగా తెలిసిన నలుగురైదుగురు నటులు ఒక గదిలో చేరి, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, ఎవరి అదుపూ లేకుండా పని చేసుకునే అవకాశం ఉంటుంది. ఆ అవకాశం నుంచే మనం వెతుకుతున్న సన్నివేశం పుడుతుంది.

కాబట్టి మంచి సన్నివేశాన్ని చెడ్డ సినిమాలో అనుకోకుండా దొరికిన వస్తువుగా భావించనక్కర్లేదు. అది చాలావరకు ఆ సినిమా లోపల దాగి ఉన్న మరో చిన్న సినిమా. దానికి తన సొంత మనిషి, అతనికో కోరిక, ఆ కోరికకో అడ్డు, ఆ అడ్డు పెరిగి పెరిగి పగిలే ఘడియ, ఇవన్నీ ఉంటాయి. కింద చెప్పబోయే పద్ధతులన్నిటికీ ఇదే ఆధారం.

ఎక్కడ వెతకాలి

మొదట పేర్ల వరస చదవాలి. సినిమా మొదట్లో వచ్చే పేర్లను దాటవేసే అలవాటు ఈ పనికి పనికిరాదు. నాయకుడి పేరు, నాయిక పేరు వదిలేసి, ఆ కింద ఒకే పలకలో ఆరేడుగురిని కలిపి వేసిన చోట ఆగాలి. ఆ పలకలో నాటకరంగం నుంచి గానీ, పాఠాలు చెప్పే వృత్తి నుంచి గానీ వచ్చినవారు ముగ్గురు కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. బ్రహ్మానందం, ఎం.ఎస్. నారాయణ ఇద్దరూ సినిమాల్లోకి రాకముందు తెలుగు అధ్యాపకులే. ధర్మవరపు సుబ్రహ్మణ్యం దూరదర్శన్‌లో ‘ఆనందో బ్రహ్మ’తో ఇంటింటికీ తెలిసిన మనిషి. కొండవలస లక్ష్మణరావు ఎన్నో ఏళ్లు నాటకాలు వేసి, ‘అవును వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు’ (2002)తో వెండితెర మీద నిలదొక్కుకున్నారు. వీరికి మాట ఎక్కడ విరవాలో, ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు ముఖం ఎలా పెట్టాలో దర్శకుడు నేర్పవలసిన అవసరం ఉండదు. ఎం.ఎస్. నారాయణ తాగుబోతు పాత్రల్లో సైతం అక్షరం ఒత్తు పోకుండా పలకడం గమనించండి. మత్తులో ఉన్న మనిషి నోట వ్యాకరణం చెడని తెలుగు రావడంలోనే సగం నవ్వు ఉంది.

రెండో ఆనవాలు చోటు. కదలడానికి వీల్లేని ఇరుకు చోట పదిమంది చిక్కుకున్న సన్నివేశాలకు బలం ఎక్కువ. రైలు పెట్టె, ఆసుపత్రి గది, రిజిస్ట్రారు కార్యాలయం, పెళ్లి చూపులు జరుగుతున్న హాలు, తరగతి గది వంటి చోట్ల పాత్ర లేచి వెళ్లిపోలేదు, అందుకే ఇబ్బంది పెరుగుతూ పోతుంది. ‘వెంకీ’ (2004)లోని రైలు ఘట్టం ఈ సూత్రానికి అందరికీ తెలిసిన ఉదాహరణ. అది బాగా ఆడిన సినిమా కాబట్టి మన వెతుకులాటలోకి రాదు గానీ, 2023 చివర్లో దాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు కూడా జనం ఎదురుచూసింది ఆ రైలు కోసమే. అదే దర్శకుడు శ్రీను వైట్ల అంతకు రెండేళ్ల ముందు తీసిన ‘సొంతం’ మన పనికి ఇంకా దగ్గరి ఉదాహరణ. స్నేహమా, ప్రేమా అన్న మీమాంసతో నడిచే ఆ కథ విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదు, ఈ రోజు ఆ కథను గుర్తు పెట్టుకున్నవారు కూడా తక్కువే. అందులో సునీల్, ఎం.ఎస్. నారాయణ కనిపించే భాగాలను మాత్రం జనం విడిగా తీసి ఇప్పటికీ చూసుకుంటున్నారు. నాయకుడి సినిమా పోయింది, పక్కవాళ్ల సినిమా మిగిలింది.

మూడో ఆనవాలు యూట్యూబ్ ఇస్తుంది. ఎక్కువమంది చూసిన వీడియో కింద జరిగే గీత మీద వేలు పెడితే, దాని పైన బూడిద రంగులో చిన్న గుట్టలు లేస్తాయి. జనం ఏ భాగాన్ని మళ్లీ మళ్లీ చూశారో ఆ గుట్టల ఎత్తు చెబుతుంది. పాత పరాజిత చిత్రాల్లో ఈ గీత చాలాసేపు నేలబారుగా పోయి, ఒకటి రెండు చోట్ల మాత్రం నిటారుగా లేస్తుంది. ఆ లేచినచోటు పాట కాదని నిర్ధారించుకుంటే, వెతుకులాటలో పెద్ద భాగం పూర్తయినట్టే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ఆ గుట్టల్లో కొన్ని నవ్వు వల్ల లేచినవి కావు, నాయిక స్నానం వల్ల లేచినవి. చూడకుండా ఎవరికీ సిఫారసు చేయకూడదు, ముఖ్యంగా అత్తగారింట.

నిజమైన నవ్వా, ఊరట నవ్వా

దొరికిన ప్రతి సన్నివేశమూ నిలిచేది కాదు. గంటన్నర విసిగిన మనిషికి కాస్త తెరిపి దొరికితే చాలు, సగటు మాటకు కూడా నవ్వేస్తాడు. ఆ నవ్వు సినిమా ఇచ్చింది కాదు, సినిమా నుంచి దొరికిన విడుదల ఇచ్చింది. ఈ రెంటినీ వేరు చేయకపోతే పదిమంది ముందు అభాసుపాలవుతాం.

వేరు చేయడానికి నేను నమ్మే పద్ధతి ఇది. సన్నివేశాన్ని మరునాడు పొద్దున్న, కాఫీ తాగాక, విడిగా చూడాలి. అప్పుడూ నవ్వొస్తే రెండు పరీక్షలు పెట్టాలి. మొదటి దానిలో తెరకు వీపు పెట్టి మాటలు మాత్రమే వినాలి, రెండో దానిలో శబ్దం పూర్తిగా తగ్గించి ముఖాలు మాత్రమే చూడాలి. మాటల్లోనే నవ్వు ఉంటే అది రచయిత సన్నివేశం, అటువంటిది తెలుగు బాగా వచ్చినవారి మధ్యే పండుతుంది. ముఖాల్లోనే ఉంటే నటుడి సన్నివేశం, భాష రానివారికి కూడా అందుతుంది. రెండింటా ఉంటే అంతకంటే కావలసింది లేదు. రెండింటా లేకుండా, కలిపి చూసినప్పుడు మాత్రమే నవ్వొస్తోందంటే, నేపథ్యంలో టొయ్‌మని మోగే వాయిద్యం మనల్ని ఎక్కడ నవ్వాలో ఆజ్ఞాపిస్తోందని అర్థం. అటువంటివాటిని నిర్మొహమాటంగా పక్కన పెట్టాలి.

పక్కన పెట్టవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. మన హాస్యంలో చెంపదెబ్బకు దక్కిన గౌరవం ఏ అలంకారానికీ దక్కలేదు. ఎదురుగా ఉన్న బక్కవాణ్ణి కొడితే నవ్వు, నల్లగా ఉన్న పిల్లను చూసి నాయకుడు దడుచుకుంటే నవ్వు, నత్తి ఉన్నవాడు మాట పూర్తిచేయలేకపోతే నవ్వు, హిజ్రా తెర మీదికి రావడమే నవ్వు అనుకుని తీసిన ఘట్టాలు 1990ల నుంచి లెక్కలేనన్ని ఉన్నాయి. వీటిని వదిలేయమనడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు. వాటిలో పాత్రకు కోరిక ఉండదు, అడ్డు ఉండదు, పెరుగుదల ఉండదు, అంటే మనం పైన చెప్పుకున్న చిన్న సినిమా వాటిలో లేదు. ఎదుటివాడి అవస్థను చూసి నవ్వడానికీ, తన తెలివితో తానే చిక్కులో పడిన మనిషిని చూసి నవ్వడానికీ చాలా తేడా ఉంది. రెండో రకం నవ్వు పదిసార్లు చూసినా అరగదు. ‘అహ నా పెళ్లంట’ (1987)లో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి కోడిని చూరుకు వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టరు. జంధ్యాల తీసిన ఆ చిత్రం అడుగడుగునా నవ్వించేదే కాబట్టి మన జాబితాలోకి రాదు, కొలతబద్దగా మాత్రం ఎప్పుడూ దగ్గర పెట్టుకోదగ్గది.

సరైన ప్రతిని సంపాదించడం

ఇది అందరూ చిన్నచూపు చూసే విషయం, నా అభిప్రాయంలో సగం ప్రదర్శనలు ఇక్కడే చెడిపోతాయి. హాస్యం క్షణాల లెక్క. మాటకు మాటకు మధ్య ఉన్న విరామాన్ని రెప్పపాటు తగ్గించినా నవ్వు చస్తుంది.

అంతర్జాలంలో అనుమతి లేకుండా పెట్టే ప్రతులను, హక్కుదారుల యంత్రాలు పసిగట్టకుండా ఉండేందుకు, కాస్త వేగం పెంచి, గొంతు స్థాయి మార్చి, బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి, అంచులు కోసి పెడుతుంటారు. వాటిలో బ్రహ్మానందం గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వినిపిస్తుంది, గోడ మీద రాతలు తిరగబడి కనిపిస్తాయి. అటువంటి ప్రతిని ఎంత బాగున్నా వాడకూడదు. అధికారికంగా హక్కులున్న సంస్థ పెట్టిన ప్రతినో, చందా కట్టి చూసే వేదికలోని ప్రతినో తీసుకోవాలి. అద్దె సీడీల కాలంలో కొన్న పాత డిస్కు ఇంట్లో ఉంటే అది కూడా మేలే.

అంచుల సంగతి ఇంకాస్త వివరించాలి. ‘అల్లూరి సీతారామరాజు’ (1974)తో తెలుగులో సినిమాస్కోపు మొదలైంది, క్రమంగా అదే మన సినిమాల వాడుక కొలత అయింది. ఎత్తుకు రెండింతలకు మించిన వెడల్పు ఉన్న ఆ చట్రంలో దర్శకులు మాట్లాడేవాణ్ణి ఒక కొసన, వింటున్నవాణ్ణి మరో కొసన నిలబెట్టేవారు. అదే బొమ్మను పాత టీవీ కొలతకు కోసినప్పుడు ఒక కొస పోతుంది, పోయేది చాలాసార్లు వింటున్నవాడి ముఖమే. మన నవ్వు ఉన్నదేమో మాటలో కాదు, ఆ ముఖంలో. ఒకప్పుడు టీవీలో చూసి ‘ఇందులో ఏముంది’ అనుకున్న సన్నివేశం, పూర్తి చట్రంలో చూస్తే వేరే సన్నివేశంలా కనిపించడానికి కారణం ఇదే.

నిడివిని సరిచూసుకోవడానికి సెన్సారు పత్రం ఉపయోగపడుతుంది. సినిమా మొదట్లో కనిపించే ఆ కాగితం మీద చిత్రం పొడవు అచ్చయి ఉంటుంది. పాత చిత్రాలకు అది మీటర్లలోనూ రీళ్లలోనూ ఉంటుంది. ముప్పైయైదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే 27 మీటర్లకు కాస్త పైన పరుగెత్తుతుంది కాబట్టి, మీటర్లను 27.4తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. ఉదాహరణకు 4,110 మీటర్లు అని ఉంటే అది 150 నిమిషాల సినిమా. మీ చేతిలోని ప్రతి 131 నిమిషాలే ఉంటే ఎవరో కత్తెర వేశారన్నమాట. టీవీ ప్రసారాల కోసం కోసేటప్పుడు పాటలకంటే ముందు బలయ్యేది హాస్యనటుడి తొలి ప్రవేశమే, ఎందుకంటే కథకు దానితో పని లేదని కోసేవారి ఉద్దేశం. మనకు కావలసింది సరిగ్గా అదే.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

ఒక మాదిరి సినిమాను ఊహించుకుందాం. నాయకుడు చదువు పూర్తిచేసి ఊళ్లో తిరుగుతుంటాడు, నాయిక తండ్రికి ఒక మిల్లు ఉంటుంది, నాయకుడు వేరే పేరుతో ఆ ఇంట్లో చేరతాడు. ఆ మిల్లులోని గుమాస్తా మన హాస్యనటుడు. తాను గుడ్డివాణ్ణని యజమానికి అబద్ధం చెప్పి సానుభూతితో ఉద్యోగం సంపాదించాడు. సినిమా నిడివి 148 నిమిషాలు. గుమాస్తా తొలిసారి 22వ నిమిషంలో కనిపించి, అబద్ధం చెప్పి, ఉద్యోగంలో చేరతాడు. 41వ నిమిషంలో జీతం నోట్లు లెక్కపెడుతూ దాదాపు దొరికిపోతాడు. 70వ నిమిషంలో యజమాని అతణ్ణి కంటి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్తాడు, అక్కడ పన్నెండు నిమిషాలు నడిచే ఘట్టమే మనం చూపించాలనుకున్నది.

ఇందులో వైద్యుడి ఘట్టాన్ని మాత్రమే వేస్తే అబద్ధం ఎందుకు చెప్పాడో, పట్టుబడితే ఏమి పోతుందో చూసేవారికి తెలియదు. కాబట్టి 22 నుంచి 27 దాకా, 41 నుంచి 45 దాకా చూపి, తరవాత 68 దగ్గర అందుకోవాలి. అసలు ఘట్టానికి రెండు నిమిషాల ముందు మొదలుపెట్టమనడానికి కారణం ఉంది: ఆ రెండు నిమిషాల్లో సాధారణంగా నాయకుడు, నాయిక ఏదో చప్పగా మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ చప్పదనం అవసరం. పథ్యం తరవాత ఆవకాయలాగా, దాని వెనక వచ్చే కారానికి అదే రుచి తెస్తుంది. నాయకుడి పరిచయ పోరాటం, విదేశాల్లో తీసిన యుగళగీతం, ప్రతినాయకుడి సవాలు, ఇవన్నీ దాటవేయవచ్చు, ఎవరూ అడగరు.

ఈ నిమిషాలను ముందే ఒక కాగితం మీద రాసుకుని, ఒకసారి ఒంటరిగా వేసి చూసుకోవాలి. పదిమంది ఎదుట గీతను ముందుకూ వెనక్కూ జరుపుతూ, ‘ఇదిగో ఇక్కడే, కాదు ఇంకాస్త ముందు’ అంటూ వెతికితే, వెతుకులాటలోనే అసలు మాట ఒకటి పొరపాటున వినపడిపోతుంది. అది మళ్లీ దాని స్థానంలో వచ్చినప్పుడు ఎవరూ నవ్వరు. వీలైతే ఆ మూడు భాగాలను వేర్వేరు గుర్తులుగా భద్రపరచుకోవడం ఉత్తమం.

ఆపవలసిన చోటు గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఘట్టం ముగిసిన వెంటనే ఆపకూడదని నేనంటాను. తరవాతి సన్నివేశాన్ని ఒకటిన్నర నిమిషం నడవనివ్వాలి. గుమాస్తా కంటికి కట్టుతో ఇంటికి చేరిన వెంటనే, అదే ఇంట్లో నాయిక తండ్రి గుండె పట్టుకుని కుర్చీలో కూలబడి, నేపథ్యంలో వయొలిన్లు మొదలైతే, ఆ దిగజారుడే సన్నివేశం విలువను ఏ వ్యాఖ్యానమూ చెప్పలేనంత బాగా చెబుతుంది. గదిలో రెండో నవ్వు అక్కడ వస్తుంది. అది సినిమా ఉద్దేశించని నవ్వు.

చెన్నైలో ఎవరిని కూర్చోబెట్టాలి

ఈ ఊళ్లో తెలుగు ప్రేక్షకులు ఒకే రకం కారు, ఈ సంగతి మరిచిపోయి సన్నివేశం ఎంచుకోవడం ప్రమాదం. సాలిగ్రామం, వడపళని ప్రాంతాల్లో స్టూడియోల కాలం నుంచి స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. వాహినీ స్టూడియో స్థానంలో ఇప్పుడు మాల్ లేచిన చోటును చూపించి, ఎవరి షూటింగు ఎక్కడ జరిగిందో చెప్పగల పెద్దవారు అక్కడ ఇంకా దొరుకుతారు. పాత మహాబలిపురం రోడ్డు పొడవునా నెల్లూరు, ఒంగోలు, గుంటూరు నుంచి ఉద్యోగాలకు వచ్చిన యువతీయువకులు ఉన్నారు. ఈ రెంటికీ భిన్నంగా, తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, చదవడం రాయడం తమిళంలో చేసేవారు ఉన్నారు. వీరి తెలుగులో అచ్చమైన పాతమాటలు దొరుకుతాయి, కానీ 2000ల నాటి హైదరాబాదు సినిమా యాస వీరికి సగం అర్థం కాదు.

కాబట్టి యాస మీద నడిచే సన్నివేశాన్ని ఆచితూచి ఎంచుకోవాలి. నెల్లూరు యాస ఉన్నదైతే చెన్నైలో దాదాపు ఎవరి మధ్యనైనా పండుతుంది, ఎందుకంటే ఆ ఊరు రైలెక్కితే మూడు గంటల దూరం, ఇక్కడి తెలుగువారిలో చాలామంది బంధువులు అటువైపే ఉన్నారు. ఆ జిల్లా నుంచి వచ్చిన రమణారెడ్డి మాట విరుపు ఇక్కడి పెద్దవారికి ఇప్పటికీ సొంతింటి మాటలా వినిపిస్తుంది. శ్రీకాకుళం యాసతోనో, తెలంగాణ మాటతోనో నడిచేదైతే గదిలో ఆ ప్రాంతంవారు ఒక్కరైనా ఉండేలా చూసుకోవాలి. వారు ముందు నవ్వితే తక్కినవారికి దారి దొరుకుతుంది.

పక్కింటి తమిళ కుటుంబాన్ని పిలవవచ్చా అంటే, తప్పకుండా పిలవవచ్చు, కానీ వారితో ఒక చిక్కు ఉంది. తమిళులకు ఈ విద్యలో మనకంటే అనుభవం ఎక్కువ. హాస్యఘట్టాలనే ఇరవై నాలుగు గంటలూ ప్రసారం చేసే టీవీ చానళ్లు వారికి ఉన్నాయి. సినిమాను మరిచిపోయి హాస్యనటుడు వడివేలు పాత్ర పేరును మాత్రం నిత్యం వాడుకునే జనం వారు. 2001లో వచ్చిన తమిళ ‘ఫ్రెండ్స్’లో వడివేలు వేసిన కాంట్రాక్టరు నేసమణి తల మీద సుత్తి పడుతుంది. 2019 మే నెలలో ఒక ఫేస్‌బుక్ పేజీలో ఎవరో సుత్తి బొమ్మ పెట్టి మీ దేశంలో దీన్ని ఏమంటారని అడిగితే, ఒక తమిళుడు నేసమణి ప్రస్తావన తేవడం, ఆపై నేసమణి కోలుకోవాలని ప్రపంచమంతా ప్రార్థనలు వెల్లువెత్తడం ఈ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ‘ఫ్రెండ్స్’కు మూలమైన మలయాళ కథే 2001లోనే తెలుగులో ‘స్నేహమంటే ఇదేరా’గా వచ్చింది. దాని నుంచి నేసమణి అంతటి పేరు ఏదీ జనం నోట నిలవలేదు. కథ ఒకటే అయినా నవ్వు నటుడితో వచ్చి నటుడితోనే పోతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. అందువల్ల తమిళ అతిథులు ఉన్న సాయంత్రం, శబ్దం తీసేసి చూసినా నవ్వొచ్చే సన్నివేశాన్నే ఎంచుకోవాలి, తెర కింద అక్షరాలు పెట్టకపోవడమే మంచిది. అనువాదపు అక్షరాలు నటుడి నోటికంటే ఒక క్షణం ముందు వస్తాయి, చదివినవారు ముందే నవ్వి, అసలు మాట వచ్చేసరికి నిశ్శబ్దంగా ఉంటారు.

ప్రదర్శనకు ముందు చేసే పరిచయం రెండు వాక్యాలు దాటకూడదు. ఎవరు ఏ పాత్రో చెప్పి ఊరుకోవాలి. ‘ఇది చూస్తే మీరు పడి పడి నవ్వుతారు’ అన్న మాట ఎట్టి పరిస్థితుల్లోనూ అనకూడదు, ఆ మాట విన్నవారు నవ్వకూడదని చేతులు కట్టుకుని కూర్చుంటారు. నడుస్తుండగా తెర వైపు కాకుండా అతిథుల ముఖాల వైపు చూడటం, తరవాతి మాటను పెదవులతో ముందే పలకడం, నవ్వు రాకముందే నవ్వడం, ఈ మూడు దురలవాట్లు ఇల్లుగలవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని అదుపులో పెట్టుకోవడానికి గది వెనక వరసలో కూర్చోవడం మేలు. అపార్ట్‌మెంటు మేడ మీద తెర కట్టి, స్పీకర్లు పెట్టి చూపించాలనుకుంటే రాత్రి పదిలోపు ముగించాలి, పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా బయట లౌడ్‌స్పీకర్లకు అనుమతి లేదు. ఏదైనా సంఘం హాలులో టికెట్టు పెట్టి చూపించే ఆలోచన ఉంటే మాత్రం హక్కుదారుల అనుమతి ముందుగా తీసుకోవలసిందే.

ఒక సాయంత్రానికి ఇటువంటి సినిమాలు రెండు చాలు. రెండింటి మధ్య బజ్జీలకు విరామం ఇవ్వాలి, మొదటిది మాటల మీద నడిచేదైతే రెండోది ముఖాల మీద నడిచేదిగా ఎంచుకోవాలి. మొదటి సన్నివేశం అందరికీ బాగా నచ్చిన రోజున, ఎవరో ఒకరు తప్పకుండా ఉత్సాహపడి మొత్తం సినిమా ఇప్పుడే వేయమంటారు. వారు పెద్దవారైనా సరే, బాబాయిగారైనా సరే, మెత్తబడకుండా ఆ సినిమా లింకును వారి ఫోనుకు పంపించి, రెండో సన్నివేశం మొదలుపెట్టాలి.